లండన్‌లో మ్యూజికల్‌కి ఇద్దరూ బయల్దేరే ముందు

మ్యూజికల్ అంటే పాటలతో నడిచే నాటకం. అన్నిటికన్నా ముందు సీటు సంగతి. లండన్ నడిబొడ్డున నాటకశాలలుండే ప్రాంతం వెస్ట్ ఎండ్. అక్కడి థియేటర్లలో చాలావాటికి వందేళ్లు దాటాయి. కింద నేలమీది సీట్లు స్టాల్స్, దానిపైన డ్రెస్ సర్కిల్, ఇంకా పైకెళ్తే బాల్కనీ. ఆ పై వరుసలు బాగా నిటారుగా ఉంటాయి, మోకాళ్లు ముందు సీటుకి ఆనుతాయి. ఇద్దరిలో ఎవరికి ఎత్తంటే కళ్లు తిరిగినా పైన తీసుకోవద్దు. 'రిస్ట్రిక్టెడ్ వ్యూ' అంటే స్తంభమో, రెయిలింగో అడ్డొస్తుందని. నన్నడిగితే రెండు చవక షోల కన్నా ఒక మంచి సీటు మేలు.

లీస్టర్ స్క్వేర్‌లోని టీకేటీఎస్ బూత్‌లో అదేరోజు షోలకు తగ్గింపు టికెట్లు దొరుకుతాయి. సీట్లు పక్కపక్కనేనా అని అడిగాకే డబ్బు కట్టండి.

☐ టికెట్లు రెండు ఫోన్లలోనూ ఉన్నాయా? ఛార్జింగ్ నిండుగా ఉందా?

☐ కథ ముందే చదివారా? పాటలోనే కథ నడుస్తుంది, యాస వేగంగా ఉంటుంది. పది నిమిషాలు చదివి వెళ్తే ఆనందం రెట్టింపు.

☐ భోజనం అయిందా? విరామం పదిహేను, ఇరవై నిమిషాలే. అదంతా టాయిలెట్ క్యూలోనే అయిపోతుంది, ముఖ్యంగా ఆడవాళ్లకి.

☐ అరగంట ముందే చేరండి. షో మొదలయ్యాక వస్తే, సరైన సందు దొరికేదాకా బయటే నిలబెడతారు.

☐ మ్యూజికల్ కాకుండా ఓ2 అరీనా అనే పెద్ద హాల్లో కచేరీ అయితే ఏ4 కాగితం కన్నా పెద్ద బ్యాగు వద్దు. చెవుల్లో పెట్టుకునే ప్లగ్గులు మాత్రం తప్పకుండా తీసుకెళ్లండి.

☐ తిరుగు ప్రయాణం: రాత్రంతా నడిచే ట్యూబ్ (లండన్ భూగర్భ రైలు) శుక్ర, శనివారాల్లోనే, అదీ కొన్ని లైన్లలోనే. మిగతా రోజుల్లో ఆఖరి రైలు టైమ్ చూసి పెట్టుకోండి.