బౌలింగ్ నేర్చుకుందాం – 4వ పాఠం: బంతి గట్టర్‌లోకి ఎందుకు పోతోంది?

బంతిని దొర్లించి పిన్నులు పడగొట్టే ఈ ఆటలో, బంతి వదిలే ముందు వేసే నాలుగు అడుగుల నడకను పోయిన పాఠంలో చూశాం. అది సాధన చేస్తున్నవాళ్లలో చాలామందికి ఈపాటికి ఒక చిక్కు ఎదురై ఉంటుంది: నడక కుదిరింది కానీ బంతి పిన్నుల దాకా వెళ్లకుండా లేన్ (బంతి దొర్లే బాట) పక్కనున్న గట్టర్‌లో, అంటే కాలువలో పడిపోతోంది.

ముందు ఒక లెక్క చూడండి. ఫౌల్ లైన్ (మనం దాటకుండా బంతి వదలాల్సిన గీత) నుంచి మొదటి పిన్ 60 అడుగుల దూరంలో ఉంటుంది, లేన్ వెడల్పేమో మూడున్నర అడుగులు కూడా ఉండదు. అంటే సరిగ్గా మధ్యలోంచి వదిలిన బంతి దారి రెండు డిగ్రీలు పక్కకు తిరిగినా చాలు, చివరికి చేరేసరికి గట్టర్‌లోనే ఉంటుంది. అందుకే గట్టిగా విసరడం దీనికి మందు కాదు. బలం పెట్టేకొద్దీ భుజం తిరుగుతుంది, తప్పు ఇంకా పెరుగుతుంది.

ఇకనుంచి బంతి గట్టర్‌లో పడగానే వెనక్కి తిరిగి వచ్చేయకండి. ఎక్కడ పడిందో, ఎటు పడిందో చూడండి, ఎందుకంటే మీ తప్పేమిటో అదే చెబుతుంది. లేన్ మొదట్లోనే పడితే దాదాపు ఎప్పుడూ చేతిలోనే లోపం. కుడిచేతివాళ్లకు బంతి ఎడమకు పోతుంటే, చేయి నేరుగా కాకుండా ఒంటికి అడ్డంగా వస్తోందన్నమాట, లేదా వదిలేటప్పుడు మణికట్టు లోపలికి తిరుగుతోంది. కుడికి పోతుంటే మోచేయి బయటికి వెళ్తోంది. (ఎడమచేతివాళ్లు దీన్ని తిరగేసి చదువుకోండి.) వదిలాక మీ చేయి షేక్‌హ్యాండ్ ఇవ్వడానికి చాచినట్టు ముందుకే ఉందా? దాన్ని ఒక్క క్షణం అలాగే ఉంచి చూసుకోండి, తప్పు మీకే కనిపిస్తుంది. బంతి మరీ బరువైనా భుజం కిందకి లాగేస్తుంది, బొటనవేలి రంధ్రం వదులుగా ఉంటే బిగించి పట్టుకోవడంలో మణికట్టు తిరిగిపోతుంది, కాబట్టి బంతిని మార్చి కూడా చూడండి.

బంతి చాలా దూరం వెళ్లి చివర్లో పడుతుంటే మాత్రం చేయి బాగానే ఉంది, గురి మార్చాలి. పిన్నులకేసి చూడకండి, అవి చాలా దూరం. ఫౌల్ లైన్ దాటాక సుమారు 15 అడుగుల దూరంలో ఏడు బాణం గుర్తులు ఉంటాయి, వాటిలో ఒకదాన్ని ఎంచుకుని బంతి దాని మీదుగా వెళ్లేదాకా చూపు తిప్పొద్దు. బాణం మీదుగానే వెళ్లి కూడా ఎడమకు తప్పిందా, మీరు నిలబడే చోటును కూడా ఎడమకే జరపండి. బాణం అదే ఉంచి ఇక్కడ ఒక్క పలక (లేన్ పొడవునా కనిపించే సన్నటి పట్టీ) జరిగితే అక్కడ పిన్నుల దగ్గర దాదాపు మూడు పలకల తేడా వస్తుంది. మొదట్లో ఇది నాకు తలకిందులుగా అనిపించింది, కాగితం మీద గీత గీసుకున్నాకే అర్థమైంది. మీరూ గీసి చూడండి.

గట్టర్‌లోంచి ఎగిరొచ్చిన బంతి పిన్నులు పడగొట్టినా లెక్కలోకి రావు. అయినా మొదటి బంతి పోయిందని టెన్షన్ పడకండి, రెండో బంతికి పదీ పడితే అది స్పేరే (రెండు బంతుల్లో పిన్నులన్నీ పడగొట్టడం).

బంపర్లు (బంతి గట్టర్‌లో పడకుండా ఆపే అడ్డుకట్టలు) పైకి లేపి సాధన చేయమని నేను చెప్పను. తప్పు ఎక్కడుందో అవి కనిపించనివ్వవు.

ఈ వారం ఫౌల్ లైన్ దగ్గరే నిలబడి, నడక లేకుండా, చేతిని ఊపి 20 బంతులు వదలండి. ప్రతిసారీ ఏ బాణం మీదుగా వెళ్లిందో రాసి పెట్టుకోండి. వచ్చే పాఠంలో ఆ కాగితంతోనే పని.