సోలార్ సబ్సిడీకి దరఖాస్తు పెట్టే ముందు

ముందు కరెంటు బిల్లు తీసి పేరు చూడండి. చాలా ఇళ్లలో మీటరు ఇంకా తాత పేరు మీదే ఉంటుంది. దరఖాస్తుదారు, బిల్లు, బ్యాంకు ఖాతా పేర్లు కలవకపోతే సబ్సిడీ ఆగిపోతుంది. పేరు మార్పు ముందే చేయించుకోండి.

ఇంటి మిద్దె మీద సోలార్ పెట్టుకునేవారికి సబ్సిడీ ఇచ్చే కేంద్ర పథకం పీఎం సూర్యఘర్ కింద కిలోవాట్‌కు 30,000 చొప్పున రెండు కిలోవాట్ల వరకు, మూడో కిలోవాట్‌కు 18,000 ఇస్తారు. మొత్తం 78,000 రూపాయలు దాటదు. ఆ డబ్బు ప్యానెళ్లు బిగించి, నెట్ మీటర్ (గ్రిడ్‌కు పంపిన కరెంటునూ, వాడుకున్నదాన్నీ లెక్కించే మీటరు) పెట్టి, తనిఖీ అయ్యాకే మీ ఖాతాలో పడుతుంది. అందుకే ముందు పెట్టుబడికి డబ్బో, బ్యాంకు లోనో సిద్ధం చేసుకోవాలి.

ఆ పథకం పోర్టల్‌లో నమోదైన వెండర్‌నే (ప్యానెళ్లు అమ్మి బిగించేవారినే) ఎంచుకోండి. ప్యానెళ్లలోని సెల్స్ కూడా మన దేశంలో తయారైనవేనని వెండర్ ఇచ్చే బిల్లులో రాయించుకోండి, లేదంటే సబ్సిడీ రాదు. ఓటీపీ మాత్రం ఎవరికీ చెప్పొద్దు.

కావలి, కృష్ణపట్నం, చీమకుర్తి ఎక్కడైనా సరే, మిద్దె మీద కొబ్బరిచెట్టు నీడ పడుతుందేమో చూసుకోండి. తీరం దగ్గరైతే ఉప్పుగాలి, తుఫాను రెండూ ఉంటాయి. గాల్వనైజ్డ్ (తుప్పు పట్టకుండా జింకు పూత వేసిన) స్టాండు, గట్టి బోల్టుల దగ్గర బేరమాడకండి.