బాల్కనీలో మూడు కుండలు

విజయవాడలో మాది మూడో అంతస్తు ఫ్లాటు, ఇంట్లో నలుగురం. ఒకసారి వారం రోజుల పాటు వంటింటి చెత్తను తూచి చూశాను. ఏ రోజూ ముప్పావు కిలోకు తగ్గలేదు. ఆనపకాయ చెక్కు, తోటకూర కాడలు, అరటితొక్కలు, వడకట్టిన టీపొడి. దీన్నంతా ప్లాస్టిక్ సంచిలో ముడివేసి పంపిస్తే, ఊరి చివర గుట్టలో గాలి తగలక కుళ్లి మీథేన్ పుట్టిస్తుంది. భూమిని వేడెక్కించడంలో కార్బన్ డయాక్సైడ్ కంటే అది చాలా ఘాటైన వాయువు. గాలి ఆడేచోట ఉంచితే ఆ చెత్తే ఎరువవుతుంది.

ఇరవై లీటర్లు పట్టే మట్టి కుండలు మూడు కావాలి. పక్కల చుట్టూ చిటికెనవేలు పట్టేంత చిల్లులు పది పన్నెండు, అడుగున రెండు మూడు ఉండాలి. నేను మేకు పెట్టి కొట్టబోయి ఒక కుండ పగలగొట్టుకున్నాను. మీరు డ్రిల్లు వాడండి. కుండను ఇటుకల మీద నిలిపి, కింద ఒక పళ్లెం పెట్టాలి. అడుగున నాలుగు వేళ్ల మందాన కొబ్బరి పీచు పరవాలి. దాని మీద గుప్పెడు పాత ఎరువో, ఎండిన పేడో వేస్తే పని త్వరగా మొదలవుతుంది. పుల్లమజ్జిగ చిలకరించినా చాలు. బజారులో అమ్మే పొడుల అవసరం నాకెప్పుడూ కనిపించలేదు.

ఇక రోజూ చేసేది ఒక్కటే. ఒక దోసెడు తడి చెత్తకు రెండు దోసెళ్ల ఎండాకు. చెత్తను చిన్న ముక్కలుగా కోసి వేయాలి, పైన ఎండాకు కప్పాలి, మూత పెట్టాలి. ఈ ఎండాకు దగ్గరే చాలామంది చేతులెత్తేస్తారు. నేనూ ఎత్తేశాను. మొదటి ఏడాది వానాకాలంలో ఆకులు అయిపోయాయి, ‘ఒక్క వారమే కదా’ అని పుచ్చకాయ తొక్కలన్నీ అలాగే వేశాను. నాలుగో రోజుకు పళ్లెంలో నల్లటి నీరు, కుండ నిండా తెల్లటి పురుగులు. పక్కింటి పిన్నిగారు ముక్కు మూసుకుని వచ్చి, ‘ఏదైనా చచ్చిందేమో చూడమ్మా’ అన్నారు. మూడు రోజులు ఎండాకు కలుపుతూ, కర్రతో అడుగు నుంచి తిరగవేస్తే వాసన పోయింది. పురుగులు ఈగల పిల్లలు, చెత్త తినడమే వాటి పని. తడి తగ్గితే అవే తగ్గుతాయి.

అప్పటి నుంచి మాఘ ఫాల్గుణాల్లో వీధిలో కానుగ, వేప ఆకు రాలుతున్నప్పుడే నాలుగు గోనెసంచులు నింపి పెట్టుకుంటున్నాను. ఊడ్చే ఆమెను అడిగితే తగలబెట్టకుండా మాకే ఇస్తుంది. ఆకులు చాలని నెలల్లో రంపపు పొట్టు వాడతాను.

తడి సరిపోయిందో లేదో చేత్తోనే తెలుస్తుంది. గుప్పెడు తీసి పిండితే అరచేయి చెమ్మగిల్లాలి, చుక్క మాత్రం కారకూడదు. వేసవిలో ఎండిపోయి చీమలు చేరితే కాసిని బియ్యం కడిగిన నీళ్లు చల్లండి.

మిగిలిన కూరలు, ఊరగాయలు, చేపముళ్లు వేయకండి. నూనె, ఉప్పు ఎరువును పాడుచేస్తాయి, ముళ్లకు ఎలుకలు వస్తాయి. మామిడి టెంకలు ఏళ్లు గడిచినా టెంకలే. దేవుడి పూలు వేయవచ్చు, దండలోని నైలాన్ దారం మాత్రం ముందే తీసేయాలి. వినాయక చవితి మర్నాడు పత్రి అంతా మా కుండలోకే వెళుతుంది. మా అత్తగారు మొదట ఒప్పుకోలేదు. ‘మళ్లీ తులసికోటలోకే కదా వెళ్లేది’ అంటే ఊరుకున్నారు.

ఒక కుండ నిండడానికి మాకు నెల పడుతుంది. అది నిండగానే పక్కన పెట్టి రెండోది మొదలుపెట్టాలి. పెద్ద ఎరువు గుట్టలో పుట్టినంత వేడి కుండలో పుట్టదు, చెత్త నెమ్మదిగా ఎరువవుతుంది, అందుకే మరో రెండు నెలలు ఓపిక పట్టాలి, వారానికోసారి తిరగవేయాలి. మూడో కుండ నిండేసరికి మొదటిది సిద్ధం. నల్లగా, పొడిపొడిగా, తొలకరి మట్టి వాసన వస్తుంటే అయినట్టే. జల్లెడ పట్టి, మూడు పాళ్ల మట్టికి ఒక పాలు ఎరువు కలపాలి. జల్లెడలో మిగిలిన ముతక ముక్కలను కొత్త కుండ అడుగున వేసుకోవచ్చు.

ఈసారి కరివేపాకు కుండీలో ఎవరూ నాటని టమాటా మొక్కలు ఆరు లేచాయి. రెండు ఉంచి, నాలుగు పిన్నిగారికి ఇచ్చాను.