వేడర్స్ లోపల తడి: చోటును బట్టి కారణం, కారణాన్ని బట్టి మరమ్మతు

చేపల వేటకో, నీటి పక్షుల వేటకో వేడర్స్ (పాదాల నుంచి ఛాతీ దాకా వచ్చే, నీరు చొరని ప్యాంటు) వేసుకుని నీళ్ళలో దిగి వచ్చాక లోపల తడిగా ఉంటే చాలామంది ముందు జిగురు ట్యూబు తీస్తారు. అంతకన్నా ముందు చూడాల్సినవి మూడున్నాయి: తడి ఎక్కడుంది, ఎంత మేర ఉంది, నీళ్ళలో దిగిన ఎంతసేపటికి వచ్చింది. అసలు కన్నం దొరక్కుండా అక్కడా ఇక్కడా జిగురు పూస్తే లీకు ఆగదు సరికదా, తర్వాత వెతకడం కూడా కష్టమవుతుంది.

సమస్య: కాళ్ళంతా చెమ్మ, ఫలానా చోటని చెప్పలేం

ఇది చాలాసార్లు చెమటే. పీవీసీ, రబ్బరు, నియోప్రీన్ (నురుగులాంటి మెత్తని రబ్బరు) వేడర్స్‌లోంచి ఆవిరి బయటికి పోదు. బయట చన్నీళ్ళు తగిలి గుడ్డ చల్లబడగానే లోపలి ఆవిరి నీరై కాలికి అంటుకుంటుంది. ఆవిరి పోనిచ్చే బ్రీతబుల్ రకంలోనూ ఇదే జరగొచ్చు. పై గుడ్డకు నీటిని జార్చే పూత ఒకటి ఉంటుంది. అది అరిగిపోతే గుడ్డ నీళ్ళు పీల్చుకుని ముదురు రంగుకు తిరుగుతుంది, లోపలి ఆవిరికి దారి మూసుకుపోతుంది. నీటిని ఆపి ఆవిరిని పోనిచ్చే మధ్యలోని మెంబ్రేన్ పొర బాగానే ఉన్నా వేసుకున్నవారికి మాత్రం లీకులాగే అనిపిస్తుంది.

తేల్చుకోవడం తేలిక. లోపల పొడిగా ఉన్న లేతరంగు ప్యాంటు వేసుకుని, నడుము లోతు నీళ్ళలో ఇరవై నిమిషాలు కదలకుండా నిలబడాలి. లీకైతే ఒకచోట మొదలై కిందికి పాకిన మరక కనిపిస్తుంది, ఆ చోటు చురుక్కుమనేంత చల్లగా తగులుతుంది. చెమటైతే మరక ఉండదు, గుడ్డంతా ఒకే తీరున చెమ్మగిల్లుతుంది.

చెమటని తేలితే లోపల నూలు ప్యాంటు మానేసి ఉన్ని గానీ పాలియెస్టర్ గానీ వేసుకోవాలి. నూలు తడిని పట్టి ఉంచుతుంది. పై గుడ్డ మీద నీటి చుక్క వేసి చూడండి. ముత్యంలా నిలబడకుండా ఇంకిపోతే వాటర్‌ప్రూఫ్ బట్టలకు అమ్మే సబ్బుతో గోరువెచ్చని నీళ్ళలో ఉతకాలి. ఫ్యాబ్రిక్ సాఫ్ట్‌నర్ వాడకూడదు, అది పూతను పాడుచేస్తుంది. ఆరాక, లేబుల్ ఒప్పుకుంటే, హెయిర్ డ్రయ్యర్‌తో కొద్దిపాటి వేడి తగిలించాలి. అప్పటికీ చుక్క నిలవకపోతే నీటిని జార్చే స్ప్రే కొత్తగా కొట్టాలి.

లీకు చోటు పట్టుకోవడం

గోర్‌టెక్స్ లాంటి మెంబ్రేన్ ఉన్న వేడర్స్‌కు స్పిరిట్ పరీక్షను మించింది లేదు. వేడర్స్‌ను లోపలి వైపు బయటికి తిప్పి, స్పిరిట్‌ను, అంటే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌ను, స్ప్రే సీసాతో అనుమానమున్న చోట తడిసేలా కొట్టాలి. గుండుసూదంత కన్నమున్నా అక్కడ ముదురు బూడిద రంగు చుక్క తేలుతుంది. ఆరిపోతే చుక్క మాయమవుతుంది కాబట్టి వెంటనే పెన్నుతో చుట్టూ గీయాలి. మంటకు దూరంగా, గాలి ఆడే చోట చేయాలి. పాలియురేథేన్ పూత ఉన్న చౌక రకాలకు ఈ పరీక్ష నమ్మదగ్గది కాదు.

వాటికి గాలి పరీక్ష పనికొస్తుంది. లోపలి వైపు బయటికి తిప్పి, నడుము దగ్గర గట్టిగా కట్టి, హెయిర్ డ్రయ్యర్ చల్లగాలితో ఉబ్బించి, సబ్బు నీళ్ళు స్ప్రే చేయాలి. సైకిల్ ట్యూబు పంక్చర్ చూసినట్టే బుడగ వచ్చిన చోటే కన్నం. తిప్పడం ఎందుకంటే, కుట్ల మీది టేపు లోపలి వైపు ఉంటుంది. తిప్పకుండా గాలి నింపినా నీళ్ళు నింపినా ఆ ఒత్తిడి టేపును కుట్టుకే అదుముతుంది, లేచిన టేపు కింద లీకు బయటపడదు. నీళ్ళలో దిగినప్పుడు ఒత్తిడి వచ్చేది బయటినుంచి. తిప్పి నింపితేనే అదే దిశ కుదురుతుంది.

నీళ్ళు నింపి చూసేవారు మోకాలి ఎత్తు దాటనివ్వకూడదు. లీటరు నీళ్ళు కిలో బరువు. నిండా నింపి భుజం పట్టీలకు వేలాడదీస్తే బాగున్న కుట్లు కూడా లాగుకుపోతాయి. చీకటి గదిలో లోపల టార్చి వేసి చూడటం పలుచని గుడ్డకు సరిపోతుంది, నియోప్రీన్‌కు పనికిరాదు.

సమస్య: పాదం తడుస్తోంది, పైన పొడిగా ఉంది

నియోప్రీన్ సాక్సు అతికించిన వేడర్స్‌లో అన్నిటికన్నా ముందు పోయేది ఈ సాక్సే. బూటు, సాక్సు మధ్య చేరిన ఇసుక, చిన్న రాళ్ళు అడుగడుక్కీ మడమ దగ్గర, బొటనవేలి దగ్గర నియోప్రీన్‌ను కొరుకుతాయి. బూటు బిగుతుగా ఉంటే సాక్సు ముడతపడి, ఆ ముడతే ముందు అరుగుతుంది. పెరిగిన గోరు లోపలినుంచి పొడుస్తుంది. ఇసుకను ఆపే చీలమండ పట్టీకి ఉన్న లోహపు కొక్కెం బూటు తాడుకు తగిలించకపోతే వెనక్కి తిరిగి గుడ్డనే గుచ్చుతుంది.

సాక్సును తిప్పి కుట్లన్నీ వేలితో విడదీస్తూ చూడాలి. కుట్టు వెంట తెరుచుకుంటే రెండు అంచులకూ నియోప్రీన్ సిమెంటు పలుచగా పూసి, ఐదు నుంచి పది నిమిషాలు ఆరనిచ్చి, రెండో పూత వేసి, వేలికి జిగటగా తగిలి అంటుకోని దశలో అంచుకు అంచు కలిపి గట్టిగా నొక్కాలి. తడిగా ఉండగానే కలిపేస్తే అతుకు జారుతుంది. చాలా మరమ్మతులు చెడేది ఈ తొందర వల్లే. ఆ తర్వాత కుట్టు మీద లోపలి వైపు ఆక్వాసీల్ లాంటి యురేథేన్ జిగురు సన్నని గీతలా పూసి ఒక రాత్రి వదిలేయాలి.

అరికాలు మొత్తం పలుచబడి ఎక్కడపడితే అక్కడ చెమ్మ వస్తుంటే అతుకులు వేసి లాభం లేదు. సాక్సు మార్పించుకోవాలి. కొన్ని తయారీ సంస్థలు ఆ పని చేసి ఇస్తాయి.

సమస్య: గజ్జల దగ్గర, తొడ లోపలి వైపు తడి

నాలుగు కుట్లు కలిసే చోటు ఇది. కాలి పొడవు చాలనప్పుడు వంగినా, గొంతుక్కూర్చున్నా, ఒడ్డెక్కడానికి కాలెత్తినా లాగుడంతా ఆ ముడి మీదే పడుతుంది. కుట్టు తెగనక్కర్లేదు, మీది టేపు అంచు లేస్తే చాలు, సూది కన్నాల్లోంచి నీళ్ళు వస్తాయి.

లేచిన టేపు కింద స్పిరిట్‌తో తుడిచి, ఆరాక, టేపు కిందా, దాని అంచులకు అటూ ఇటూ 6 మి.మీ. మేరకూ యురేథేన్ జిగురు పూసి, బరువు పెట్టి అదమాలి. టేపు పెళుసై రాలుతుంటే ఆ మేర పూర్తిగా తీసేసి, కుట్టు మొత్తానికి జిగురు పట్టించాలి. కొలతే కారణమైతే మాత్రం ఈ లీకు మళ్ళీ వస్తుంది. జిగురుతో కొలత మారదు.

సమస్య: మోకాళ్ళు, తొడల ముందు భాగం, నెమ్మదిగా ఊరే తడి

ముళ్ళ పొదలు, కోసిన రెల్లు మోడులు, ముళ్ళకంచె, పడవ అంచులు, వేటకుక్క గోళ్ళు. పక్షుల వేటకు వెళ్ళేవారికి ఇవే ఎక్కువ. కన్నం కంటికి కనబడదు, స్పిరిట్ పరీక్షకే దొరుకుతుంది. గుర్తు పెట్టిన ప్రతి చుక్క మీదా లోపలి వైపునుంచి చిన్న నాణెమంత మేర జిగురు పలుచగా పూస్తే చాలు. మందంగా పోస్తే పైన గట్టిపడి లోపల పచ్చిగా మిగులుతుంది, తర్వాత మడతకు పగులుతుంది.

చిరుగైతే బయటివైపు అంచులు కలిపి టేపు వేసి, లోపలినుంచి చిరుగుకు అన్ని వైపులా 12 మి.మీ. దాటేలా జిగురు పూయాలి. రెండు సెంటీమీటర్లు మించితే పైన గుండ్రని మూలలున్న గుడ్డ అతుకు కూడా వేయాలి. మూల కోసుగా ఉంటే అక్కడినుంచే లేస్తుంది.

నది ఒడ్డున అయితే ఎండకు గట్టిపడే జిగురు ట్యూబు ఒకటి జేబులో ఉండాలి. తడి తుడిచి పూసి ఎండలో పెడితే నిమిషాల్లో పని అవుతుంది. మబ్బు పట్టిన రోజుకు చిన్న అల్ట్రావయొలెట్ టార్చి పెట్టుకోవాలి.

సమస్య: బూటుతో కలిసిన వేడర్స్, చీలమండ దగ్గర లీకు

నడిచినప్పుడల్లా రబ్బరు మడతపడే చోట సన్నని పగుళ్ళు వస్తాయి. ఎండ, వేడి, ఎలక్ట్రిక్ మోటార్ల దగ్గర పుట్టే ఓజోన్ రబ్బరును పెళుసుగా చేస్తాయి, కాబట్టి ఫ్రీజర్ పక్కన, గ్యారేజీలో మోటారు పక్కన వీటిని పెట్టకూడదు. ఒకటి రెండు పగుళ్ళైతే గరుకు కాగితంతో రుద్ది, తుడిచి, రబ్బరు సిమెంటు పూసి వంగే అతుకు వేయాలి. చుట్టూ పగుళ్ళు వ్యాపిస్తే ఆ రబ్బరు ఆయుష్షు తీరినట్టే.

పీవీసీ వేడర్స్‌కు రబ్బరు సిమెంటు పట్టదు, వినైల్ జిగురే కావాలి.

ఛాతీ దగ్గర తడి

జిప్పు ఉంటే చివరిదాకా పూర్తిగా లాగారా అన్నది ముందు చూడాలి. ఆఖరి అర సెంటీమీటరు మిగిలినా నీళ్ళు వస్తాయి. పళ్ళ మధ్య ఇసుకను పాత టూత్ బ్రష్‌తో తీసి, తయారీదారు చెప్పిన గ్రీజు చివరి భాగానికి రాయాలి. బయటి జేబు, భుజం పట్టీ కుట్టిన చోట్లు కూడా అనుమానించదగ్గవే. నడుము బెల్టు బిగించకపోతే పైనుంచి వచ్చిన నీళ్ళు కాళ్ళలోకి దిగిపోతాయి. పడిపోయినప్పుడు అది ప్రాణాల మీదికీ వస్తుంది, బెల్టు లేకుండా దిగవద్దు.

అతికించినా మళ్ళీ కారుతోంది

గుడ్డ లోపల చెమ్మ ఉండగా పూసుంటారు, లేదా స్పిరిట్‌తో తుడిచుండరు. చెమట నూనె, బురద మీద ఏ జిగురూ నిలవదు. యురేథేన్ జిగురు సాధారణంగా గట్టిపడటానికి 8 నుంచి 12 గంటలు పడుతుంది, చలి ఎక్కువైతే ఇంకా ఎక్కువ. ఇది గాలిలోని చెమ్మతో గట్టిపడే రకం కనుక తెరిచిన ట్యూబును మూత బిగించి ఫ్రీజర్లో పెడితే నిలవ ఉంటుంది. వాడే ముందు గది వేడికి రానిచ్చాకే మూత తీయాలి.

కొత్తవి కొంటుంటే

లోపల వేసుకునే బట్టలతోనే తొడిగి చూడాలి. మోకాలి మీద కూర్చుని, కుర్చీ మీద కాలు పెట్టి చూసినప్పుడు గజ్జల దగ్గర ఏమాత్రం లాగినా ఆ సైజు వద్దు. తొడ లోపలి కుట్లు కాళ్ళు ఒరుసుకునే గీత మీద కాకుండా ముందుకో వెనక్కో జరిగి ఉన్న రకం ఎక్కువ కాలం వస్తుంది. ముళ్ళలో తిరిగేవారు మోకాళ్ళకు రెండో పొర ఉన్నవి తీసుకోవాలి. రాళ్ళ వాగుల్లో నడిచేవారు సాక్సు మందం, కుట్ల ముగింపు చూడాలి. ఏ ధరదైనా మొదటి వారంలోనే లోతు నీళ్ళలో నిలబడి పరీక్షించాలి. కుట్టు లోపాన్ని గ్యారంటీ చాలావరకు ఒప్పుకుంటుంది, ముల్లు గుచ్చుకున్న కన్నాన్ని ఒప్పుకోదు. వాడాక తిరగేసి రెండు వైపులా ఆరబెట్టి, మడతపెట్టకుండా పాదాలు పైకి వచ్చేలా నీడలో వేలాడదీయాలి. ఒకే మడత నెలల తరబడి ఉంటే ఆ గీత వెంటే మెంబ్రేన్ చిట్లుతుంది.