ఏ వయసులో ఏమి తింటుంది: చెరువు తాబేలు నుంచి సముద్రపు తాబేలు దాకా ఆహార అధ్యయన పద్ధతి

నల్లగొండలోని మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయంలోనో, మహబూబ్‌నగర్‌లోని పాలమూరు విశ్వవిద్యాలయంలోనో జంతుశాస్త్రం చదువుతూ సముద్రపు తాబేళ్ళ మీద పరిశోధన చేయాలనుకునే విద్యార్థికి దగ్గరలో సముద్రం లేకపోవడమే పెద్ద అడ్డంకిగా కనిపిస్తుంది. నిజానికి ఈ పనిలో కఠినమైన భాగం తాబేలు ఏ వయసులో ఏమి తిన్నదో దాని విసర్జన నుంచి, చర్మం నుంచి, అది బతికే నీటి నుంచి నమ్మదగినట్టుగా రాబట్టడం. దాన్ని పానగల్లు ఉదయసముద్రం ఒడ్డునో, డిండి, కోయిల్‌సాగర్ జలాశయాల దగ్గరో చెరువు తాబేళ్ళ మీద నేర్చుకుని, ఆ తర్వాత కోస్తాకు వెళ్ళడమే మేలని నా అభిప్రాయం.

వయోదశలను విడివిడిగా చూడవలసిన అవసరం ఎందుకు వచ్చిందో ముందుగా తెలుసుకోవాలి. పచ్చ సముద్రపు తాబేలు గుడ్డు నుంచి బయటికి వచ్చాక కొన్నేళ్ళు నడిసముద్రంలో తేలుతూ, చిన్న జంతువులనూ నాచునూ దొరికినట్టల్లా తింటుంది. డిప్ప పొడవు సుమారు 20 నుంచి 40 సెంటీమీటర్లకు చేరే సమయంలో తీరపు లోతులేని నీళ్ళకు వచ్చి, క్రమంగా సముద్రపు గడ్డి మీద, నాచు మీద ఆధారపడే శాకాహారిగా మారుతుంది. లక్షద్వీపంలో ఈ తాబేళ్ళు గుంపులుగా మేసి గడ్డి మైదానాలను బాగా తగ్గించిన ఉదాహరణ ఉంది. ఇందుకు భిన్నంగా తోలువీపు తాబేలు చిన్నతనం నుంచి ముసలితనం దాకా ప్రధానంగా జెల్లీచేపల మీదనే బతుకుతుంది. కాబట్టి ఏదో ఒక వయసులో తీసిన నమూనాలను చూసి ‘ఈ జాతి ఆహారం ఇది’ అని రాయడం చెల్లదు. మన చెరువుల్లో కనిపించే, మెత్తని చర్మం కప్పిన డిప్ప గల నీటి తాబేలు నత్తలు, చేపలు, కప్పలు, నీటి మొక్కలు, చచ్చిన జంతువుల మాంసం అన్నీ తినే సర్వభక్షకి. వయసును బట్టి వీటి పాళ్ళు ఎలా మారుతాయో చూడడానికి అది చక్కగా పనికొస్తుంది.

అనుమతి విషయంలో వెసులుబాటు ఉండదు. నీటి తాబేలూ సముద్రపు తాబేళ్ళూ 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నాయి కనుక, పట్టుకోవడానికైనా నమూనా తీయడానికైనా రాష్ట్ర ముఖ్య వన్యప్రాణి సంరక్షకుని ద్వారా ముందుగానే లిఖితపూర్వక అనుమతి పొందాలి. అది వచ్చేలోగా ఒడ్డున కూర్చుని దుర్భిణితో చూడడం, చెరువులో ఏయే నత్తలు, చేపలు, మొక్కలు ఉన్నాయో జాబితా రాయడం మొదలుపెట్టవచ్చు. ఈ జాబితా లేకుండా తర్వాతి దశల్లో దొరికిన ముక్కలను గుర్తుపట్టడం దాదాపు అసాధ్యం.

పట్టిన ప్రతి తాబేలుకూ డిప్ప పొడవు, బరువు, ఆడా మగా, తేదీ, చెరువులో నీటి మట్టం రాయాలి. పిల్ల, నడి వయసు, పెద్ద అని అక్కడికక్కడే తరగతులుగా విడగొట్టకుండా పొడవును సెంటీమీటర్లలోనే ఉంచితే, ఆహారం ఏ పొడవు దగ్గర మారుతున్నదో లెక్కల్లో అదే బయటపడుతుంది. ముందుగా గీసుకున్న గీతలు చాలాసార్లు ఆ మలుపును దాచేస్తాయి. వేసవిలో చెరువులు ఎండినప్పుడు ఈ తాబేళ్ళు బురదలో దూరి ఉండిపోతాయి కనుక, వానలు పడి చెరువు నిండిన కాలంలోనూ, నీరు తగ్గుతున్న కాలంలోనూ విడివిడిగా నమూనాలు తీయాలి.

ఇక పట్టే విధానం. మన దగ్గర తాబేళ్ళు ఎక్కువగా చేపల వలల్లోనే చిక్కుతాయి కాబట్టి, మత్స్య సహకార సంఘం వారితో మాట్లాడి వలలో పడిన తాబేళ్ళను కొలిచి వదిలేసే ఏర్పాటు చేసుకోవడం అందరికీ సులువు. అయితే వలలో చిక్కిన తాబేలు అదే వలలోని చేపలను కొరికి తిని ఉండవచ్చు. బోనులో ఎర పెడితే ఆ ఎరే మరుసటి రోజు విసర్జనలో కనిపిస్తుంది. అందువల్ల ఎరను చిల్లులు పెట్టిన మూత డబ్బాలో ఉంచి, వాసన మాత్రమే బయటికి వచ్చేలా చూడాలి. వలలో దొరికిన వాటిని వేరే వరుసలో నమోదు చేసి, చేపల వాటా లెక్కించేటప్పుడు ఆ వరుసను పక్కన పెట్టి మరోసారి లెక్క చూడాలి. ఈ జాగ్రత్త లేని పట్టికల్లో ప్రతి తాబేలూ చేపల వేటగాడిగానే తేలుతుంది.

గొట్టంతో నీరు పంపి కడుపులోని ఆహారాన్ని బయటికి తెప్పించే పద్ధతి తాబేళ్ళ పరిశోధనలో 1970ల నుంచి వాడుకలో ఉన్నప్పటికీ, తల పూర్తిగా లోపలికి ముడుచుకుని గట్టిగా కరిచే మన నీటి తాబేలు మీద కొత్త విద్యార్థి దానిని ప్రయత్నించకపోవడమే మంచిది. శుభ్రమైన నీరు కొద్దిగా పోసిన తొట్టిలో, నీడలో, ఒకటి రెండు రోజులు ఉంచితే విసర్జన దానంతట అదే దొరుకుతుంది. తాబేలును పట్టిన చోటే తిరిగి వదలాలి. తాబేళ్ళ మీద సాల్మొనెల్లా బాక్టీరియా ఉండవచ్చు కనుక ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుక్కోవాలి. విసర్జనను సన్నని జల్లెడలో కడిగి, ముక్కలను 70 శాతం ఇథనాల్‌లో భద్రపరచాలి. డీఎన్ఏ పరీక్ష చేయించే ఉద్దేశం ఉంటే కొంత భాగాన్ని కడగకముందే తీసి 95 శాతానికి మించిన ఇథనాల్‌లో ఉంచాలి. ఫార్మలిన్ డీఎన్ఏను పాడు చేస్తుంది కనుక దాని జోలికి పోకూడదు.

సూక్ష్మదర్శిని కింద ముక్కలను వేరు చేసి రెండు లెక్కలు కట్టాలి. ఒకటి, ఎన్ని నమూనాల్లో ఆ ఆహారం కనిపించింది: 40 నమూనాల్లో 30 చోట్ల నత్తల ముక్కలుంటే 75 శాతం. రెండవది, మొత్తం ఘనపరిమాణంలో దాని వాటా. నత్తల మూతలు, చేపల పొలుసులు, పురుగుల రెక్కలు జీర్ణం కాకుండా మిగులుతాయి, తోకకప్పలూ వానపాములూ ఆనవాలు లేకుండా కరిగిపోతాయి కనుక, గట్టి వస్తువుల వాటా ఎప్పుడూ అసలు కంటే పెద్దదిగా కనిపిస్తుందని గుర్తుంచుకుని ఫలితాలు రాయాలి. ప్లాస్టిక్ ముక్కలను పారేయకుండా వాటికీ ఒక గడి ఉంచాలి.

విసర్జన చెప్పేది నాలుగైదు రోజుల కథ. నెలల నాటి ఆహారం తెలియాలంటే స్థిర ఐసోటోపుల (ఒకే మూలకంలో బరువు తేడా ఉండి, క్షీణించని పరమాణు రూపాల) పద్ధతి కావాలి. తిన్న ఆహారంలోని నైట్రోజన్-15 తాబేలు కణజాలంలో కొంచెం పెరుగుతూ పోతుంది; ఆహారపు గొలుసులో ఒక్కో మెట్టు ఎక్కినప్పుడు సగటున వెయ్యికి 3.4 వంతులు పెరుగుతుందని లెక్క వేస్తారు, తాబేళ్ళ చర్మానికైతే ఇంతకంటే తక్కువ విలువను వాడడం కూడా ఉంది. కార్బన్-13 మెట్టు మెట్టుకూ పెద్దగా మారదు కనుక, ఆహారానికి మూలం ఏ రకపు మొక్కో సూచిస్తుంది. ఈ విలువలను ఒక ప్రామాణిక పదార్థంతో పోల్చిన తేడాగా రాస్తారు కనుక మైనస్‌లో కూడా వస్తాయి: వరి వంటి మొక్కలు వెయ్యికి మైనస్ 27 దగ్గర, మొక్కజొన్న, జొన్న వంటివి మైనస్ 13 దగ్గర, సముద్రపు గడ్డి మైనస్ 10 దగ్గర ఉంటాయి. రక్తంలోని ప్లాస్మా ఇటీవలి వారాలను, చర్మం నెలలను గుర్తుపెట్టుకుంటాయి. చిన్న చర్మపు ముక్కను 60 డిగ్రీల వద్ద రెండు రోజులు ఎండబెట్టి, కొవ్వు తీసేసి, పొడి చేసి ప్రయోగశాలకు పంపాలి. కొవ్వు ఉంటే కార్బన్ విలువ కిందికి జారుతుంది.

ఇక్కడే మన ప్రాంతానికి ప్రత్యేకమైన ఒక చిక్కు ఉంది. మూసీ హైదరాబాద్ మురుగును మోసుకుని వచ్చి వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. మురుగు కలిసిన నీటిలో నైట్రోజన్-15 మొదటి మెట్టు నుంచే ఎక్కువగా ఉంటుంది కనుక, మూసీ ప్రాజెక్టు తాబేలుకు పెద్ద విలువ వచ్చినంత మాత్రాన అది ఎక్కువ మాంసం తింటున్నదని చెప్పలేము. ప్రతి నీటి వనరు నుంచి నాచు గీరి తినే నత్తల మెత్తటి మాంసాన్ని కూడా తీసి కొలవాలి. తాబేలు విలువలోంచి నత్త విలువను తీసివేసి, 3.4తో భాగించి, రెండు కలిపితే పోషక స్థాయి, అంటే ఆహారపు గొలుసులో తాబేలు ఉన్న మెట్టు, వస్తుంది (నాచు మొదటి మెట్టు, దాన్ని తినే నత్త రెండవ మెట్టు కనుక రెండు కలుపుతాం). ఉదాహరణకు, వాననీటి కుంటలో నైట్రోజన్-15 విలువ నత్తకు 6, తాబేలుకు 11.1 అనుకుంటే స్థాయి 3.5, మూసీలో నత్త 14, తాబేలు 17.4 అనుకుంటే స్థాయి 3 మాత్రమే. చూపుకు పెద్దదిగా ఉన్న మూసీ తాబేలే గొలుసులో కింద ఉందన్నమాట. నత్తను కొలవని అధ్యయనంలో ఇది తలకిందులుగా అచ్చవుతుంది.

నీటి తాబేలుకు గట్టి ఫలకాలు ఉండవు. సముద్రపు తాబేళ్ళలో తోలువీపు తాబేలు తప్ప మిగిలిన వాటికి డిప్ప మీద కెరటిన్ (గోళ్ళలో ఉండే గట్టి పదార్థం) ఫలకాలు పొరలు పొరలుగా పెరుగుతాయి. ఒకసారి ఏర్పడిన పొర మారదు కనుక, ఒకే ఫలకాన్ని పలుచని పొరలుగా కొలిస్తే కొన్నేళ్ళ ఆహార చరిత్ర దొరుకుతుంది. చనిపోయిన తాబేలు ముందు కాలి భుజాస్థిలో ఏటేటా పడే గీతలు వయసును కూడా చెబుతాయి, అయితే తాబేలు పెరిగేకొద్దీ లోపలి గీతలు కరిగిపోతాయి కాబట్టి తొలి ఏళ్ళ లెక్క అంచనాగానే ఉంటుంది.

కోస్తాకు వెళ్ళే విద్యార్థికి ఎక్కువగా ఎదురయ్యేది ఆలివ్ రిడ్లే తాబేలు. ఆంధ్ర తీరానికి అది గుడ్లు పెట్టే కాలంలో, ముఖ్యంగా జనవరి నుంచి ఏప్రిల్ వరకు వస్తుంది. ఆ రోజుల్లో ఆడ తాబేళ్ళు తక్కువగా తింటాయి కనుక, ఒడ్డుకు కొట్టుకువచ్చిన కళేబరం కడుపు ఖాళీగా ఉంటే ఆశ్చర్యపోనక్కర లేదు. దాని చర్మం మాత్రం అంతకు ముందు నెలల్లో అది ఎక్కడో మేసిన పీతల, నత్తల, చేపల సమాచారాన్ని మోస్తూ ఉంటుంది. పైగా ఒడ్డున దొరికేవి దాదాపు అన్నీ పెద్దవే. పిల్లలు నడిసముద్రంలో ఉంటాయి. కాబట్టి అక్కడ కడుపు నమూనాల కోసం సమయం వెచ్చించే ముందు, ఆంధ్రప్రదేశ్ అటవీ శాఖ అనుమతితో వారి సిబ్బంది సమక్షంలో కళేబరం డిప్ప వంపు పొడవును మెత్తని టేపుతో కొలిచి, భుజం దగ్గర చర్మపు ముక్క, డిప్ప వెనుక భాగపు ఫలకం ముక్క, ముందు కాలి భుజాస్థి తీసి, మూడింటికీ ఒకే సంఖ్య వేసి విడివిడి సీసాల్లోనూ సంచుల్లోనూ భద్రపరచాలి.