మచ్చల మనీ ప్లాంటు పచ్చబడిపోతుంటే

రెండేళ్ల కిందట విజయనగరంలో ఉన్న మా చెల్లెలికి మార్బుల్ క్వీన్ మనీ ప్లాంటు తీగ ఇచ్చాను. మొన్న ఫోను చేసి, "అక్కా, ఇది నువ్విచ్చిన మొక్కేనా? ఒక్క తెల్లమచ్చ కూడా లేదు" అంది. శ్రీకాకుళంలో మా వసారాలో ఉన్న తల్లిమొక్క మాత్రం పాలు చిలకరించినట్టే ఉంది. తేడా ఎక్కడుందో తనకు చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను.

కొత్త ఆకుల్లో తెలుపు తగ్గిపోతోంది

కారణం: తెల్లని భాగంలో పత్రహరితం ఉండదు. దాన్ని పచ్చని భాగమే పోషించాలి. వెలుగు చాలని మూలలో పెడితే పచ్చదనం ఎక్కువున్న కొమ్మలే చురుగ్గా సాగి, మిగతావాటిని మించిపోతాయి. మా చెల్లెలు కుండీని టీవీ పక్కన పెట్టింది; ఆ గదికి ఒక్కటే కిటికీ.

పరిష్కారం: ముందు కుండీని తూర్పు కిటికీ దగ్గరికి మార్చండి. వెలుగు బాగా పడాలి, మిట్టమధ్యాహ్నపు ఎండ తగలకూడదు. పూర్తిగా పచ్చబడిన ఆకుకు మచ్చలు తిరిగి రావు, ఎదురుచూడకండి. తీగ కొస నుంచి వెనక్కి వస్తూ మొదట కనిపించే మచ్చల ఆకును పట్టుకోండి. ఆ కణుపుకు కాస్త పైన కోసేయండి. కోసే ముందు ఆకును కాదు, కాండాన్ని చూడండి. తెల్లచార కణుపు దగ్గరి మొగ్గ మీదుగా సాగుతుంటే, అక్కడ పుట్టే కొమ్మకు మచ్చలు దక్కే అవకాశం ఎక్కువ. చార మొగ్గకు అవతలి వైపు ఉంటే ఆశ తక్కువే. తీగ ఇచ్చేటప్పుడు నేను చూడనిది ఇదే.

ఆకులు పూర్తిగా తెల్లగా వస్తున్నా సంతోషించకండి. అలాంటి కొమ్మ ఎక్కువ కాలం నిలవదు. తెలుపూ పచ్చా కలిసిన కణుపు దాకా వెనక్కి కోయాలి.

నీళ్లలో వేర్లు వచ్చాయి, తీగ రావడం లేదు

మీరు పెట్టింది ఒట్టి ఆకు, కాడ. కణుపు లేనిదే కొత్త చిగురు రాదు. ఒక కణుపు, ఒక ఆకు ఉన్న ముక్క చాలు. స్నేక్ ప్లాంటుది వేరే కథ: పసుపు అంచుల రకాన్ని ఆకు ముక్కలతో పెంచితే పిల్లలు అంచు లేకుండా పచ్చగానే పుడతాయి. దాన్ని దుంప విడదీసి నాటాలి.

ముక్క నల్లబడి కుళ్లుతోంది

వానాకాలంలో మన దగ్గర గాలిలోనే తేమ ఎక్కువ. బంకమట్టిలో నాటితే నీరు దిగదు, వేర్లకు గాలి ఆడదు. నలుపు మిగలకుండా పైకి కోసి, కోత ఆరాక మళ్లీ నాటండి. ఉద్దానం కొబ్బరి తోటలు ఉన్న జిల్లా మనది, కొబ్బరి పొట్టుకు కొరత లేదు. అందులో మూడో వంతు ముతక ఇసుక కలపండి. కుండీ అడుగున రంధ్రం తప్పనిసరి.

తెల్లని అంచులు గోధుమరంగులో ఎండుతున్నాయి

నేరుగా ఎండ తగిలినా, నీరు చాలకపోయినా, ఉప్పు పేరుకున్నా ఇలాగే అవుతుంది. కొబ్బరి పొట్టులోనూ ఉప్పు ఉంటుంది. రెండు మూడుసార్లు కడిగి పిండి వాడండి. బోరు నీరు ఉప్పగా ఉంటే వాననీరు పట్టి పోయండి.

కోసేటప్పుడు చేతికి తొడుగు వేసుకోండి. ఈ మొక్క రసం చర్మానికి దురద పెడుతుంది, నోట్లో పెడితే మండుతుంది. తెగిన ముక్కల్ని పసిపిల్లలకూ పెంపుడు జంతువులకూ అందనివ్వకండి.