తొలకరి పడకముందే చూసుకోవాల్సినవి: ఇంటి కుక్క, వీధి కుక్క, మా షెల్టర్

మృగశిర కార్తె వచ్చిందంటే అందరికీ చేపల పులుసు గుర్తొస్తుంది. మా షెల్టర్‌లో వాళ్లకి సెలైన్ బాటిళ్లు గుర్తొస్తాయి. ఊరి చివర ఒక రేకుల షెడ్డు, కొన్ని గదులు, వంతులవారీగా వచ్చే వాలంటీర్లు, పిలిస్తే వచ్చే డాక్టర్ గారు. ఇంతే మా బలగం. జూన్‌లో వానలు మొదలయ్యాక గేటు దగ్గరికి వచ్చే కేసుల్లో చాలావరకు మే నెలలోనే ఆపగలిగినవి. అందుకే ఎండలు మండుతుండగానే ఇది రాస్తున్నాను.

ముందు పార్వో సంగతి. ఇది కుక్కపిల్లల పేగుల మీద పడే వైరస్ జబ్బు. కుక్కపిల్ల వాంతులు చేసుకుంటుంది, తర్వాత నెత్తుటి విరేచనాలు, రెండు రోజుల్లో లేవలేని స్థితి. తీసుకొచ్చినవాళ్లు టీకా పుస్తకం కూడా తెస్తారు. తెరిచి చూస్తే మొదటి పేజీలో ఒక్కటే స్టిక్కర్, మిగతా గళ్లన్నీ ఖాళీ. "ఒక డోసు వేయించాం కదండీ" అంటారు. ఒక డోసు సరిపోదు. తల్లి నుంచి వచ్చిన రక్షణ పిల్ల ఒంట్లో కొన్ని వారాలు ఉంటుంది, అదే టీకాని పని చేయనివ్వకుండా అడ్డుపడుతుంది. అది ఎప్పుడు తగ్గుతుందో ఒక్కో పిల్లకి ఒక్కోలా ఉంటుంది. అందుకే 6 నుంచి 8 వారాల వయసులో మొదలుపెట్టి, 3, 4 వారాలకోసారి చొప్పున 16 వారాలు నిండేదాకా వేయించాలి. అది పూర్తయ్యేదాకా పిల్లని రోడ్డు మీద నడిపించకండి, పార్కులో దించకండి. జబ్బు పడ్డాక సెలైన్ ఎక్కించి, వాంతులు ఆపి, మరో ఇన్ఫెక్షన్ రాకుండా చూసి నిలబెట్టుకోవడమే. ఆ ఖర్చు టీకాల ఖర్చుకి ఎన్నో రెట్లు ఉంటుంది.

ఇంట్లో ఒక పిల్లకి పార్వో వచ్చి పోయిందంటే ఆ వైరస్ నేలలో నెలల తరబడి బతికే ఉంటుంది. ఫినాయిల్‌తో కడిగేశాం కదా అనుకుంటారు. ఫినాయిల్‌ని నమ్ముకోవద్దు. ముందు సబ్బు నీళ్లతో మురికంతా పోయేలా కడిగి, తర్వాత తెల్లబట్టలకి వాడే బ్లీచ్ ఒక వంతుకి 30 వంతుల నీళ్లు కలిపి పోసి, పది నిమిషాలు నేల తడిగానే ఉంచి, అప్పుడు కడిగేయాలి. మురికి మీద బ్లీచ్ పోస్తే దండగ. ఇంట్లో పిల్లి ఉంటే ఫినాయిల్ అసలే వద్దు, కాళ్లు నాకినప్పుడు లోపలికి పోతుంది.

ఇక్కడే ఒక మాట సూటిగా చెప్పాలి. వానలో తడుస్తున్నాయని టీకాల్లేని కుక్కపిల్లల్ని బుట్టలో పెట్టుకొచ్చి మా గేటు దగ్గర వదిలి వెళ్తారు. జాలితోనే చేస్తారు, కాదనను. కానీ ఏ షెల్టర్ అయినా రకరకాల జబ్బులతో వచ్చిన జీవాలు ఉండే చోటు. ఆ వయసు పిల్లకి ఇంతకంటే ప్రమాదమైన చోటు ఇంకోటి ఉండదు. తల్లి చాలాసార్లు తిండి కోసం వెళ్లి ఉంటుంది. కాస్త దూరంగా నిలబడి చూడండి. నీళ్లు చేరే చోటైతే దగ్గర్లోనే మెరకకి మార్చి, పైన ఒక పాత ఫ్లెక్సీ కట్టండి. తల్లి ఎంతకీ రాకపోతే ముందు ఫోన్ చేయండి, తర్వాత తీసుకురండి. ఆవు పాలు మాత్రం పట్టకండి.

పిడుదులు. ఇవి ఎండాకాలంలోనే మొదలై వానాకాలానికి విజృంభిస్తాయి. చెవి మడతల్లో, వేళ్ల సందుల్లో, బెల్టు కింద, తోక కింద వేలితో తడిమి చూడండి. చిన్న మొటిమలా తగులుతుంది, వెంట్రుకలు విడదీస్తే బూడిద రంగులో ఉబ్బిన గింజ. కుక్క మీద కనిపించేవి కొన్నే. గుడ్లు, పిల్లలు గోడ పగుళ్లలో, మంచం సందుల్లో ఉంటాయి. ఒక్క ఆడ పిడుదు వేలల్లో గుడ్లు పెడుతుంది. కాబట్టి కుక్కకి మందు వేసి గోడ వదిలేస్తే మళ్లీ మొదటికే. మే నెలలోనే పగుళ్లు సిమెంటుతో పూడ్చి సున్నం వేయించండి. కిరోసిన్, పెట్రోలు రాయకండి. చర్మం కాలిపోతుంది, కుక్క దాన్ని నాకుతుంది. పర్మెత్రిన్ అనే పిడుదుల మందు ఉన్న కుక్కల మందు పిల్లికి వేస్తే ప్రాణం మీదికొస్తుంది. పిల్లికి జ్వరమని పారాసిటమాల్ వేయడమూ అంతే.

కుక్క అన్నం ముట్టకపోయినా, చిగుళ్లు తెల్లబడినా, ముక్కు నుంచి రక్తం కారినా టిక్ ఫీవర్ (పిడుదు కాటుతో వచ్చే జ్వరం) అనుమానించి రక్తపరీక్ష చేయించండి. మందులు సాధారణంగా నాలుగు వారాలు రాస్తారు. వారానికే కుక్క లేచి అన్నం తింటుంది, ఇంట్లోవాళ్లు మందు ఆపేస్తారు. తర్వాత నెలలో అదే కుక్క మళ్లీ వస్తుంది, ఈసారి మోసుకొస్తారు. టీకా పుస్తకంలో ఖాళీ గళ్లూ, సగం మిగిలిన మాత్రల షీటూ చూసి చూసి మాకు విసుగొచ్చేసింది.

గాయాల విషయంలో వానాకాలం ఒక్కరోజు కూడా గడువివ్వదు. ఈగ వాలితే మర్నాటికే పురుగులు పడతాయి. చెవి మీద చిన్న గీరుడైనా కడిగి, వెటర్నరీ షాపులో దొరికే ఈగలు వాలని స్ప్రే కొట్టండి. ఎలుకలు తిరిగే చోట నిల్వ నీళ్లు తాగనివ్వకండి. వాటి నుంచి వచ్చే లెప్టోస్పైరోసిస్ అనే జబ్బు మనుషులకీ అంటుతుంది. కప్పని నోట కరిచి నురగ కక్కితే నోరంతా నీళ్లతో కడిగి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. తడిసిన కరెంటు స్తంభాల పక్కగా కుక్కని నడిపించకండి. పొద్దున్నే కారు తీసేముందు బానెట్ మీద రెండుసార్లు తట్టండి. వెచ్చదనానికి పిల్లులు ఇంజిన్ పక్కన దూరుతాయి.

రేబిస్ టీకాకి జులై 6 గుర్తుపెట్టుకోండి. 1885లో అదే రోజున లూయీ పాశ్చర్ తొలిసారి ఒక పిల్లాడికి రేబిస్ టీకా ఇచ్చాడు, అందుకే ఆ తేదీని ప్రపంచ జూనోసిస్ (జంతువుల నుంచి మనుషులకి అంటే జబ్బులు) దినంగా జరుపుతారు. ఆ రోజు మన ప్రభుత్వ పశువైద్యశాలల్లో చాలాచోట్ల కుక్కలకి ఉచితంగా టీకా వేస్తారు. ముందురోజే అడిగి వెళ్తే నయం. మూడు నెలలు నిండిన పిల్లకి మొదటిది, తర్వాత ఏటా ఒకటి. ఎవర్నైనా కరిచినా, గీరినా, పెంపుడుదైనా సరే, పారే నీళ్ల కింద సబ్బుతో 15 నిమిషాలు కడగండి. పసుపూ వద్దు, కారమూ వద్దు, సున్నమూ వద్దు. వెంటనే ఆసుపత్రికి వెళ్లి టీకా మొదలుపెట్టి, చెప్పిన తేదీలన్నీ పూర్తి చేయండి.

వానల చివర చిత్త కార్తె. అప్పుడు కుక్కల సంగతి ఊళ్లో చిన్నపిల్లలకీ తెలుసు. అక్టోబరులో కలిస్తే రెండు నెలలకి, సరిగ్గా చలికాలంలో, పిల్లలు. ఆ పిల్లలే మళ్లీ మా గేటు దగ్గరికి. మీ కుక్కకీ, మీరు రోజూ అన్నం పెట్టే వీధి కుక్కకీ సెప్టెంబరులోపే కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించండి. చెవి అంచు కత్తిరించి ఉన్న వీధి కుక్కకి ఇప్పటికే అయిపోయినట్టు. దాన్ని మళ్లీ పట్టించకండి.

జూన్ అంటే బదిలీలూ, ఇళ్లు మారడాలూ. "కొత్త ఓనరు కుక్క వద్దంటున్నాడండీ" అనే ఫోన్లు అప్పుడే ఎక్కువ. పెంపుడు జంతువుని వదిలేయడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం కింద నేరం. మొదటిసారికి జరిమానా పది నుంచి యాభై రూపాయలట, ఎవరు భయపడతారు లెండి! ఇల్లు చూసేటప్పుడే కుక్క ఉందని చెప్పండి. కుదరదంటే రెండు నెలల ముందే మాకు చెప్పండి, కొత్త ఇల్లు వెతకడానికి ఆ మాత్రం టైమ్ కావాలి. సామాను లారీ ఎక్కించాక ఫోన్ చేస్తే మేం చేయగలిగేది తక్కువ.

మాకు ఏమైనా ఇవ్వాలనుకుంటే బిస్కెట్ ప్యాకెట్లు వద్దు. ఉతికి ఆరబెట్టిన గోనె సంచులు, పాత నూలు చీరలు, వార్తాపత్రికలు, బ్లీచ్ క్యాన్లు, ఒక టార్పాలిన్ ఇవ్వండి. దూది పరుపులు తేవద్దు, ఈ వానల్లో తడిస్తే వారమైనా ఆరవు.